ఏ రేవున దిగాలి?

ఓడ మరునాటి ఉదయం ఎనిమిది గంటలకు సెయింట్ థామస్ దీవిని చేరుతుంది. సాయంత్రం ఐదు గంటలకు తిరిగి బయలుదేరుతుంది. ఆ తొమ్మిది గంటలలో ఏ తీరానికి వెళ్ళి ఏ నీళ్ళలో దిగాలన్నది తేల్చుకొనడానికి ఒక తెలుగు కుటుంబం ఓడ భోజనశాలలో ఒక బల్ల చుట్టూ చేరింది. అది 2025 ఫిబ్రవరి. ఫ్లోరిడాలో బయలుదేరి కరీబియన్ సముద్రపు తూర్పు దీవులను చుట్టివచ్చే ఏడు రోజుల విహారయాత్ర. కూతురి ముందు దీవి పటం పరచి ఉంది. అల్లుడి చేతిలో సెల్‌ఫోను ఉంది. పదకొండేళ్ళ మనవరాలి మెడలో ఈ ప్రయాణం కోసమే కొన్న స్నార్కెల్ ముసుగు వేలాడుతున్నది. అమ్మమ్మగారు మాత్రం, ఓడలో పెరుగు దొరికిన సంతోషంలో, ఇంటి నుంచి తెచ్చుకొన్న ఆవకాయ నంజుకొంటూ భోజనం ముగిస్తున్నారు.

ఈ చర్చకంతటికీ కారణమైన వ్యక్తి నోరు విప్పకుండా కూర్చొన్నారు. ఆయనను ఊళ్ళో అందరూ మాస్టారనే పిలుస్తారు. కోస్తా ఆంధ్రలోని ఒక కళాశాలలో 1984 నుంచి 2017 వరకు ముప్పది మూడేళ్ళు జంతుశాస్త్రం బోధించారు. ఏటేటా ఒక వారం ప్రవాళ భిత్తికల పాఠం వచ్చేది. తీర భిత్తిక, అవరోధ భిత్తిక, అటాల్ అనే మూడు రకాలనూ, అవి ఒకదాని నుంచి ఒకటి ఏర్పడతాయని 1842లో డార్విన్ ప్రతిపాదించిన సిద్ధాంతాన్నీ ఆయన నోట్సు చూడకుండా చెప్పేవారు. రంగు సుద్దముక్కలతో నల్లబల్ల మీద పగడపు జీవి బొమ్మ గీసేవారు. గొట్టం వంటి దేహం, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు. రాతి పగడాలకైతే ఆరు లేదా ఆరు గుణిజాలు. మెత్తని పగడాలకైతే ఖచ్చితంగా ఎనిమిది. పరీక్షలో స్పర్శకాల సంఖ్య తప్పు వేసినవారికి ఆయన మార్కులు ఇచ్చేవారు కారు.

కాని సజీవమైన పగడాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. కళాశాల ప్రయోగశాలలో ఉన్నది ఒక తెల్లని రాతి ముక్క, ఫార్మలిన్ సీసాలో రంగు వెలసిన మరొక ముక్క. అస్థిపంజరాన్ని చూపించి మనిషిని గురించి చెప్పినట్లుగా ఆయన ఆ పాఠం చెప్పుకొంటూ వచ్చారు. ఆంధ్ర తీరంలో విస్తారమైన ప్రవాళ భిత్తికలు లేవు. గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులు మోసుకొని వచ్చే ఒండ్రూ మంచినీరూ పగడాలకు గిట్టవు. వాటికి తేటనీరు కావాలి, ఉప్పు కావాలి, వెలుతురు కావాలి. మన దేశంలో వాటిని చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీపాలకో, అండమాన్ నికోబార్ దీవులకో వెళ్ళాలి. వెళ్ళాలని మాస్టారు రెండు మూడు సార్లు అనుకొన్నారు. ఒకసారి పిల్లల ఫీజులు అడ్డం వచ్చాయి. ఒకసారి పరీక్షపత్రాలు దిద్దే పని అడ్డం వచ్చింది. పదవీ విరమణ తరువాత తీరిక చిక్కిందనుకొనేసరికి గుండె మొరాయించింది. రెండేళ్ళ క్రితం ఒక రక్తనాళంలో స్టెంటు వేశారు. అమెరికాలో కూతురి దగ్గరకు వచ్చే ముందు డాక్టరును అడిగితే, ఆయన పరీక్షలన్నీ చూసి, "నెమ్మదిగా ఈదవచ్చు. ఆయాసం వచ్చేదాకా మాత్రం పోవద్దు" అన్నారు.

ఆ మాట గుర్తుంచుకొనే కూతురు ఈ యాత్రకు ఏర్పాటు చేసింది.

"ట్రంక్ బే వెళ్దాం నాన్నా" అన్నదామె పటం మీద వేలు పెట్టి. ట్రంక్ బే ఉన్నది సెయింట్ థామస్‌లో కాదు, పక్కనే ఉన్న సెయింట్ జాన్ దీవిలో. ఆ దీవిలో సగానికి పైగా జాతీయ ఉద్యానవనం. లారెన్స్ రాక్‌ఫెల్లర్ అనే సంపన్నుడు ఐదువేల ఎకరాలకు పైగా భూమి కొని ఇవ్వగా 1956లో అది ఏర్పడింది. 1962లో చుట్టుపక్కల సముద్రగర్భం కూడా కొంత అందులో చేరింది. ట్రంక్ బేలో ఒక చిన్న తిప్ప చుట్టూ నీటి అడుగున బాట వేశారు. ఇది ఫలానా పగడం, ఇది ఫలానా చేప అని వివరించే పలకలు నీళ్ళలోనే ఉంటాయి. ఈదుకొంటూ చదువుకొనవచ్చు. పాఠాలు చెప్పిన తండ్రికి అంతకంటె తగిన చోటు ఉంటుందా అని ఆమె ఆలోచన.

అల్లుడి ఆలోచన వేరు. "ఓడవాళ్ళే ఏర్పాటు చేసిన పడవ ఉంది మావయ్యగారూ. బక్ ఐలండ్ దగ్గర తాబేళ్ళుండే చోటికి తీసికొనిపోతారు. వాళ్ళ పడవ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి మనం ఆలస్యమైతే ఆగదు." ఆ మాట నిజమే. విహార నౌకలలో ఆనవాయితీ అది. ఓడ తరఫున వెళ్ళినవారి కోసం ఓడ వేచి చూస్తుంది. స్వంతంగా వెళ్ళినవారి సామాను మాత్రమే ఓడతో ప్రయాణం చేస్తుంది.

తాబేలు మాట విన్న మనవరాలు తండ్రి పక్షం చేరింది. అమ్మమ్మగారిని అడిగితే, "చెట్టు నీడ, కూర్చొనడానికి కుర్చీ, దగ్గరలో మరుగుదొడ్డి. ఈ మూడూ ఉన్న చోటు ఏదైనా సరే" అన్నారు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆ ముగ్గురూ చెప్పినదానికంటె ఈ మాటలోనే ఎక్కువ తెలివి ఉన్నట్లు ఆయనకు తోచింది.

ఆయన బాల్యం గోదావరి ఒడ్డున గడిచింది. ఈత నేర్పిన పెద్దవాళ్ళు పిల్లలకు మొదట చెప్పిన మాట చేతులెలా వెయ్యాలన్నది కాదు. "దిగే రేవు ఎవడైనా చూస్తాడు. ముందు ఎక్కే రేవు చూసుకో" అన్నది. ప్రవాహంలో దిగినవాడు దిగినచోట తేలడు. దిగువన ఎక్కడ కాలు ఆనుతుందో, ఎక్కడ పట్టు దొరుకుతుందో ముందే ఎరిగి ఉండాలి. అరవై ఏళ్ళ తరువాత, భూగోళానికి అటువైపున, మాస్టారు ఆ సూత్రాన్నే కాగితం మీద పెట్టారు.

మొదటిది కాలం. ఓడ దిగేసరికి ఎనిమిదీ ముప్పావు అవుతుంది. అందరూ నాలుగున్నరకల్లా ఓడలో ఉండాలి. బుద్ధిమంతుడు మూడున్నరకే ఉంటాడు. మిగిలినది ఆరూ ముప్పావు గంటలు. ట్రంక్ బే వెళ్ళాలంటే దీవి ఈ చివర నుంచి ఆ చివరనున్న రెడ్ హుక్ రేవుకు ట్యాక్సీలో అరగంట, పడవ కోసం నిరీక్షణ, పడవలో ఇరవై నిమిషాలు, దిగిన తరువాత మళ్ళీ ట్యాక్సీ. రానూపోనూ మూడు గంటలకు తక్కువ కాదు. పడవ గంటకొకటి. ఒక్కటి తప్పితే లెక్కంతా తప్పుతుంది.

ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. వర్జిన్ దీవులలో గడియారాన్ని ఋతువును బట్టి మార్చే పద్ధతి లేదు. అందుచేత వేసవిలో ఫ్లోరిడా, ఆ దీవులు ఒకే సమయం పాటించినా, చలికాలంలో దీవులు గంట ముందుంటాయి. కొన్ని ఓడలు రేవును బట్టి గడియారం దిద్దుకొంటాయి, కొన్ని దిద్దుకోవు. వీరి ఓడ దిద్దుకోలేదు. అంటే పడవలు నడిచేది ఒక కాలంలో, ఓడ కదిలేది మరొక కాలంలో. సెల్‌ఫోను దీవి గాలి సోకగానే తనంతట తాను గంట ముందుకు దూకుతుంది. ఆ చర్చ తరువాత అందరి ఫోన్లూ అనుమానాస్పదాలైనాయి. ఓడ సమయం చూపుతున్న అమ్మమ్మగారి చేతిగడియారం ఒక్కటే ప్రామాణికమని తీర్మానించారు.

రెండవది గాలి. ఈ దీవుల మీద ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు దిక్కు నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. అది కాక, చలికాలంలో ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో తుఫాను రేగితే, దాని పొంగు రెండు మూడు రోజుల తరువాత ఈ దీవుల ఉత్తరపు ఒడ్డును తాకుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి కూడా ఉండదు. సముద్రం మాత్రం బరువుగా లేస్తూ పడుతూ ఉంటుంది. ఇసుక కలిసి నీరు మసకబారుతుంది. ట్రంక్ బే ఉత్తరానికి తెరచుకొన్న తీరం. ఫొటోలలో ఆ పొంగు కనబడదు. ఫొటోలు తీసేది ప్రశాంతమైన రోజుల్లో.

మూడవది నేల. పడవ మీద వెళ్ళేవారు లోతు నీటిలో నిచ్చెన దిగుతారు. అలసట వస్తే నిలబడడానికి కింద నేల అందదు. తిరిగి నిచ్చెన పట్టుకొని దేహాన్ని పైకి లాగికొనాలి. గొట్టం ద్వారా పీల్చే ఊపిరి మామూలు ఊపిరి కాదు. దానికి కొంత అదనపు శ్రమ కావాలి. చల్లదనం, భయం, శ్రమ మూడూ ఒక్కసారిగా మీద పడినపుడు మొదట తడబడేది గుండె. స్నార్కెల్ ప్రమాదాలలో వయసు మళ్ళినవారు, గుండెజబ్బు ఉన్నవారు తరచు కనబడడానికి ఇదొక కారణం. ముప్పయ్యేళ్ళ అల్లుడికి నిచ్చెన కేవలం నిచ్చెన. అరవై ఎనిమిదేళ్ళ మామగారికి అది ఒక కొండ.

ఇసుక తీరం సుఖమే గాని, ఉత్త ఇసుకలో పగడాలు పెరగవు. దీవిలోకెల్లా పేరుపొందిన మేగెన్స్ బే అటువంటిది. అందమైన అర్ధచంద్రాకారపు ఒడ్డు, కింద ఇసుకమేట. స్నానానికి మంచిది, చూడడానికి మంచిది; ముసుగు పెట్టుకొని చూసేవారికి అక్కడ దొరికేది తక్కువ. కావలసినది దిగేచోట ఇసుక ఉండి, నాలుగు బారల దూరంలో రాయి మొదలయ్యే తీరం. పొంగుకు ఏదైనా అడ్డం ఉన్న తీరం. ట్యాక్సీ ఒక్కటే ఎక్కి దిగగలిగిన తీరం.

పటంలో ఈశాన్య మూలన కోకి అనే చిన్న తీరం ఉంది. దానికి ఎదురుగా థాచ్ కే అనే నిర్జన దీవి అడ్డుగోడ వలె నిలిచి ఉంది. మాస్టారు అక్కడ పెన్సిలు ఆనించారు.

కూతురి ముఖం చిన్నబోయింది. "అది మామూలు బీచ్ నాన్నా. జనం, దుకాణాలు. మీరు జీవితమంతా ఎదురుచూసినది అక్కడ చూడడమేమిటి?"

"నేను చూడవలసినది ఎంతుంటుందమ్మా? వేలిగోరంత" అన్నారు మాస్టారు.

ఆయన ఆ మాట అనడానికి మరొక కారణం కూడా ఉంది. దానిని ఆ రాత్రి ఆయన పైకి చెప్పలేదు. బయలుదేరే ముందు నెల రోజులు కూతురి ఇంట్లో కూర్చొని ఆయన ఈ సముద్రాన్ని గురించి చదివారు. చదివిన కొద్దీ, తాను బోధించిన ముప్పది మూడేళ్ళలోనే తన పాఠంలోని ప్రాణి ఇక్కడ ఎంతగా నశించిందో తెలియవచ్చింది. 1983లో పనామా దగ్గర మొదలైన ఒక వ్యాధి ఏడాది తిరిగేసరికి కరీబియన్ అంతటా పొడుగు ముళ్ళ సముద్రపు అర్చిన్లను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. పగడాల మీద పెరిగే నాచును మేసి శుభ్రం చేసేవి అవి. ఆయన ఉద్యోగంలో చేరిననాటికి కరీబియన్ తీరాలలో ఆ పాకీపని చేసేవారు దాదాపు లేకుండా పోయారన్నమాట. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన సింహపు చేప 1985లో ఫ్లోరిడా దగ్గర కనిపించి, తరువాతి కాలంలో ఈ సముద్రమంతటా వ్యాపించి స్థానికమైన చిన్న చేపలను తినివేయసాగింది. 2005లో నీరు విపరీతంగా వేడెక్కింది. పగడపు జీవి ఒంటిలో ఉండి దానికి ఆహారం వండిపెట్టే సూక్ష్మ శైవలాలు బయటకు పోయి పగడాలు తెల్లబడ్డాయి. ఆ వెనుకనే వచ్చిన వ్యాధితో కలిసి అది వర్జిన్ దీవులలోని సజీవ పగడాల విస్తీర్ణంలో సగానికి పైగా హరించింది. 2014లో మయామీ వద్ద బయటపడిన మరొక రోగం, రాతి పగడాల కణజాలాన్ని వారాలలో ఒలిచివేసేది, 2019లో సెయింట్ థామస్ చేరింది. కోలుకొంటున్న అర్చిన్లకు 2022లో మళ్ళీ మృత్యువు వచ్చింది. 2023లో మళ్ళీ వేడి.

ఇన్ని జరిగిన తరువాత, ఏ తీరం గొప్పది అన్న ప్రశ్న మాస్టారికి అర్థం లేనిదిగా తోచింది. గొప్పతనమంతా పాత ఫొటోలలోనిది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ప్రాణంతో ఉన్నదానిని, ప్రాణంతో తిరిగి వచ్చే విధంగా ఎక్కడ చూడగలం?

మరునాటి ఉదయం ఫలహారానికి వచ్చిన మాస్టారిని చూసి భార్య చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టారు. నలభై ఏళ్ళుగా ఆయన ముఖం మీద ఉన్న మీసం లేదు.

"ఏమండీ! ఇదేమిటి?"

"మీసం ఉంటే ముసుగు ముఖానికి అతకదట. సందులోంచి నీళ్ళు కారుతాయి" అన్నారాయన, పెరుగు గిన్నె దగ్గరకు లాగికొంటూ. ఆ తరువాత ఏ తీరమన్న చర్చ ఎవరూ లేవదీయలేదు.

రేవు బయట ట్యాక్సీలు వరుసగా ఉన్నాయి. లారీ వెనుక బెంచీలు వేసి పైన కప్పు అమర్చిన బండ్లు. ఆ దీవులలో మనవలెనే ఎడమవైపు నడుపుతారు. డ్రైవరు కూర్చొనేది కూడా ఎడమవైపే. ఏ పని అడిగే ముందైనా "గుడ్ మార్నింగ్" అని పలకరించడం అక్కడి మర్యాద. తిన్నగా రేటు అడిగినవారిని మొరటువారిగా లెక్కిస్తారు. మాస్టారు నిలబడి పలకరించారు. నడివయసు డ్రైవరు తిరిగి పలకరించి, ఎక్కడికని అడిగి, కోకి అనగానే తల పంకించాడు. ఉత్తరపు ఒడ్డున రాత్రి నుంచి పొంగు లేచిందనీ, సెయింట్ జాన్‌లో ఈ రోజు నీరు బాగుండదనీ, పెద్దవారితో కోకికి వెళ్ళడమే మంచిదనీ అన్నాడు. కూతురు తండ్రి వైపు చూసింది. తండ్రి కొండలను చూస్తున్నారు.

కోకి తీరం కూతురు చెప్పినట్లే ఉంది. చిన్నది, సందడిగా ఉంది. పక్కనే సముద్ర జంతువుల ప్రదర్శనశాల. కుర్చీలు అద్దెకిచ్చేవారు, జడలు అల్లేవారు, చేపలకు వెయ్యమని కుక్క బిస్కెట్లు అమ్మేవారు. ఈ బిస్కెట్ల వలన చేపలు మనుషుల చుట్టూ మూగడం నేర్చి తమ మేత పని మానుకొంటాయి. ఆ మేత పనే పగడాలను నాచు నుంచి కాపాడేది. మనవరాలు డబ్బులు అడిగింది. తాతగారు కారణం చెప్పారు. ఆ పిల్ల ఇక అడగలేదు.

ఒంటికి పూసుకొనే ఎండ మందు విషయంలోనూ ఇక్కడ చట్టం ఉంది. పగడాలకు హాని చేస్తాయని భావించే ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ కలిసిన మందులను వర్జిన్ దీవులు 2020 మార్చి నుంచి నిషేధించాయి. ఈ కుటుంబం మందుకు బదులు పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకొన్నది. సముద్రపు ద్రాక్ష చెట్టు నీడలో అమ్మమ్మగారు కుర్చీ వేయించుకొని, కళ్ళజోళ్ళన్నీ ఒడిలో పెట్టుకొని, గడియారం చూసుకొన్నారు. "ఇరవై నిమిషాలు. ఆ తరువాత పిలుస్తాను" అన్నారు.

మాస్టారు మొదట నడుము లోతు నీటిలో నిలబడి ముఖం మాత్రమే ముంచారు. తొలి ఊపిరి అందలేదు. ముక్కు మూసుకుపోయి, నోట రబ్బరు ముక్క కరచుకొని, తల నీటిలో పెట్టి గాలి పీల్చడాన్ని దేహం ఒప్పుకొనదు. అది పుట్టుకతో వచ్చిన భయం. ఆయన లేచి నిలబడ్డారు. కాలి కింద ఇసుక ఉంది. రెండవసారి ముంచారు. ఐదవసారికి ఊపిరి కుదురుకొన్నది. ఛాతీకి గాలి చొక్కా బిగించుకొని ఆయన తేలారు. పక్కనే చెయ్యి అందేంత దూరంలో అల్లుడు.

మొదట వచ్చినవి పసుపు మీద నల్లచారల చేపలు. బిస్కెట్లకు అలవాటుపడినవి, డజన్లకొద్దీ ముఖం మీదికి వచ్చి, ఏమీ లేకపోయేసరికి విసుగుతో వెళ్ళిపోయాయి. తరువాత రాయి మొదలైంది. అందులో ఎక్కువ భాగం పూర్వం పగడమైనది. గుండ్రని బండల మీద గోధుమరంగు నాచు దుప్పటి వలె పరచుకొని ఉంది. రామచిలుక చేప ఒకటి ఆ బండను కొరుకుతున్నది. ఆ కటకట చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినబడింది. అది కొరికి మింగిన రాయే పొడియై, తెల్లని ఇసుకగా ఈ తీరాన్ని చేరుతుందని మాస్టారు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. చెప్పినది వినబడడం ఇదే మొదలు.

ఆయన కళ్ళజోడు లేకుండా ఏమి చూడగలనని రాత్రంతా దిగులుపడ్డారు. ఆయనది హ్రస్వదృష్టి. దూరపు వస్తువులు మసకగా ఉన్నమాట నిజమే. చేపలు రంగుమచ్చల వలె కదిలాయి. కాని హ్రస్వదృష్టి గలవానికి చేరువలో ఉన్నది కళ్ళజోడు లేకుండానే సూక్ష్మంగా కనబడుతుంది. పైగా ముసుగులోంచి చూసేవారికి నీటిలోని వస్తువు మూడింట ఒక వంతు పెద్దదిగా తోస్తుంది. లోపమనుకొన్నది ఆ ఉదయం ఒక భూతద్దమైంది.

రెండు బండల నడుమ మెత్తని పగడం ఒకటి పొదవలె లేచి ఉంది. కొమ్మలు వేలి లావున ఉండి, అల వచ్చినపుడు అటూ, పోయినపుడు ఇటూ వంగుతున్నాయి. రాతి పగడాలు సాధారణంగా రాత్రివేళ స్పర్శకాలు చాస్తాయి. పగలు ముడుచుకొని ఉంటాయి. మెత్తని పగడాలు చాలా వరకు పగలు కూడా విచ్చుకొంటాయి. దూరానికి ఆ కొమ్మ మీద నూగు ఉన్నట్లు అనిపించింది. మాస్టారు కదలడం మానివేసి, తేలుతూ, మూరెడు దూరానికి చేరారు. అది నూగు కాదు. కొమ్మ పొడుగునా వందలాది జీవులు విచ్చుకొని ఉన్నాయి. ఆయన ఒకదానిని ఎంచుకొన్నారు. అల దానిని లాగికొనిపోయింది. తిరిగి తెచ్చింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ పోయింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఒక్కొక్క స్పర్శకానికి రెండు ప్రక్కలా ఈకకు వలె సన్నని శాఖలు. ఎనిమిది. పక్కదానికీ ఎనిమిది. ముట్టుకొనడానికి చెయ్యి లేచింది. ముట్టుకొంటే ముడుచుకొంటుందని తెలిసిన మనిషి గనుక ఆ చెయ్యి వెనక్కి పోయింది.

ఎంతసేపైందో ఆయనకు తెలియదు. తల ఎత్తి చూస్తే కొంత దూరాన నీటిరంగు ముదురుగా మారిన చోట పెద్ద భిత్తిక మొదలవుతున్నట్లు నీలిగా కనబడింది. ఒంట్లో ఓపిక ఉంది. ఊపిరి సుఖంగా ఉంది. నలభై బారలు వేస్తే చేరవచ్చు. అల్లుడు ఏమీ అనలేదు. మామగారి ముఖం చూస్తూ ఊరుకొన్నాడు. మాస్టారు వెనుదిరిగి ఒడ్డు చూశారు. ద్రాక్ష చెట్టు కింద ఒక చీర రంగు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళవలసిన దూరం కూడా ఈదవలసినదే. ఆయన అటువైపు తిరిగారు. అమ్మమ్మగారు కుర్చీ నుంచి లేచి నిలబడి పిలవబోయేసరికి ఆయన కాళ్ళు ఇసుకను తాకాయి.

నోట మాట రాకముందే ఆయన రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్ళు ముడిచి, ఎనిమిది వేళ్ళు చూపించారు. మనవరాలు పరుగెత్తుకొంటూ వచ్చింది.

"ఆక్టోపస్ కనబడిందా తాతయ్యా?"

"కాదమ్మా" అన్నారాయన ముసుగు తీసి. "పుస్తకంలో రాసింది నిజమే."

మీసం లేని ముఖం మీద ముసుగు అంచు ఎర్రని గీతగా పడి ఉంది. కూతురు తువ్వాలు అందించి, తానూ ఏమీ మాట్లాడలేక, ఎక్కడ అని మాత్రం అడిగింది. రెండు బండల గుర్తు చెప్పించుకొని, ఈసారి ఆమె, పిల్ల కలిసి దిగారు. మాస్టారు భార్య పక్కన కుర్చీలో కూర్చొని వారి గొట్టాల కొసలను చూస్తూ ఉండిపోయారు. తాబేలు కనబడలేదు. మనవరాలు ఆ సంగతి సాయంత్రందాకా ఎత్తలేదు.

అమ్మమ్మగారి గడియారం ప్రకారం రెండున్నరకు అందరూ ఓడలో ఉన్నారు. నాలుగున్నర దాటిన తరువాత పై అంతస్తు నుంచి చూస్తే, రేవు పొడుగునా చెప్పులు చేతపట్టుకొని పరుగెత్తుకొంటూ వస్తున్న ఒక జంట కనబడింది. మెట్లు తొలగించబోతుండగా వారు అందుకొన్నారు. పైనున్న జనం చప్పట్లు కొట్టారు. అమ్మమ్మగారు కొట్టలేదు, గడియారానికి కీ ఇచ్చుకొన్నారు.

అందరికీ తెలిసిన తీరం ఒకటి ఉంటుంది. దానికి పలకలు, పేరు, ఫొటోలు ఉంటాయి. మనిషి తన వయసునూ, తన ఊపిరినూ, ఆ రోజు గాలినీ, తనవారి ఓపికనూ లెక్కవేసి ఎంచుకొనే తీరం మరొకటి ఉంటుంది. మొదటిది చూసి వచ్చామని చెప్పుకొనడానికి బాగుంటుంది. మాస్టారికి చెప్పుకొనవలసిన అవసరం లేదు. ముప్పది మూడేళ్ళు ఆయన చెప్పుతూనే ఉన్నారు.

ఆ రాత్రి మనవరాలు తన నోటుపుస్తకం తెచ్చి బొమ్మ గీయమన్నది. ఆయన గీశారు. గొట్టం వంటి దేహం, పైన నోరు, చుట్టూ స్పర్శకాలు, అదే బొమ్మ. ఇన్నేళ్ళూ నల్లబల్ల మీద ఆయన వాటిని బండిచక్రపు ఆకుల వలె నిటారుగా, సమానంగా గీసేవారు. ఈసారి ఎనిమిదీ ఒకే వైపుకు వంగి ఉన్నాయి.